శంతనుడు అడగడం తప్పా, గంగ చెప్పకపోవడం తప్పా?

గోదారిగట్టు
మొన్న మా వీధి గుళ్లో భారతం ఆదిపర్వం ప్రవచనానికి వెళ్లాను. చెప్పేఆయన శంతనుడి దగ్గరికొచ్చి "మాట తప్పాడు, భార్యను పోగొట్టుకున్నాడు" అని ఒక్క ముక్కలో తేల్చి ముందుకెళ్లిపోయాడు. నాకది మింగుడు పడలేదు.

కథ గుర్తులేని వాళ్లకు: గంగ ఒడ్డున కనిపించిన అమ్మాయిని శంతనుడు పెళ్లాడతానంటాడు. నేనేం చేసినా, మంచైనా చెడైనా, అడ్డుపడకూడదు, నొప్పించే మాట అనకూడదు, అన్న రోజున వెళ్లిపోతానంటుంది. సరేనంటాడు. ఏడుగురు కొడుకులు పుడతారు. పుట్టినవాణ్ణి పుట్టినట్టే నీళ్లలో వదిలేస్తుంది. ఎనిమిదోవాడి దగ్గర ఇక ఉండబట్టలేక "నువ్వెవరివి? కన్నబిడ్డల్ని ఎందుకు చంపుతున్నావు?" అని అడిగేస్తాడు. అప్పుడు బయటపెడుతుంది: నేను గంగను, వీళ్లు వసిష్ఠుడి శాపం తగిలిన వసువులనే దేవతలు, పుట్టగానే విడిపిస్తానని వాళ్లకు మాటిచ్చాను అని. చెప్పేసి ఎనిమిదోవాణ్ణి తీసుకుని వెళ్లిపోతుంది. వాడే భీష్ముడు.

భార్య ఎవరో తెలిసిన రోజునే కాపురం అయిపోయింది. తప్పెవరిదంటారు?

మాస్టారు_తెనాలి
ప్రవచనం చెప్పినాయన సరిగ్గానే చెప్పారు. గంగ దాచిపెట్టి పెళ్లాడలేదు. "నేను చెప్పను, నువ్వు అడగొద్దు" అని ముందే చెప్పి పెళ్లాడింది. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ఒప్పుకున్నవాడు ఒప్పుకున్నట్టు ఉండాలి. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, ఈ ప్రశ్న పిల్లలు కూడా అడిగేవారు. నా జవాబు మారలేదు.

కుర్రకుంక
ఎనిమిదోసారి దాకా ఆగాడంటే చాలా ఓపికమంతుడు.

నీలవేణి_కరీంనగర్
ఏడుగురు పిల్లలు సార్. మీరేమో షరతు షరతు అంటున్నరు. నా లెక్కల శంతనుడు తప్పే చేసిండు, కానీ ఎనిమిదోసారి అడిగి కాదు, మొదటిసారి అడగకపోయి. పిల్ల అందంగ ఉన్నదని నోరు మూసుకున్నడు. ఎక్కడ పోతదో అని భయపడ్డడు. దాన్ని ప్రేమ అంటరా?

మాస్టారు_తెనాలి
అమ్మా, మీరు ఇప్పటి కళ్లతో చూస్తున్నారు. శంతనుడు ఆ షరతు గంగ నోటే మొదటిసారి విన్నాడనుకుంటున్నారు, కాదు. సంస్కృత మూలం చూడండి. గంగ ముందు వచ్చింది శంతనుడి తండ్రి ప్రతీపుడి దగ్గరికి. వచ్చి ఆయన కుడి తొడ మీద కూర్చుంది. ఎడమ తొడ భార్యది, కుడి తొడ బిడ్డలదీ కోడళ్లదీ, కాబట్టి నాకు కోడలివి కా అన్నాడాయన. అప్పుడే ఆమె చెప్పింది, నేను చేసే పనుల్ని నీ కొడుకు విచారించకూడదని. ప్రతీపుడు ఒప్పుకున్నాడు. కొడుకు ఎదిగాక పిలిచి, ఒక దివ్యస్త్రీ నీ దగ్గరికి వస్తే ఎవరివి, ఎవరిదానివి అని అడగొద్దు, ఏం చేసినా ప్రశ్నించొద్దు అని చెప్పాడు. పట్టం కట్టి అడవికి వెళ్లిపోయాడు. అంటే తండ్రి ఆజ్ఞ ఒకటి, భార్యకిచ్చిన మాట ఒకటి. రెండూ మీరాడు.

కుర్రకుంక
కుడి తొడ ఎడమ తొడ సంగతి నాకు కొత్త. ఇన్నాళ్లూ సినిమాలు చూసి ఏదో అనుకుంటున్నా.

నీలవేణి_కరీంనగర్
ఆగుండ్రి ఆగుండ్రి. అంటే ఇంట్ల పెద్దమనిషికి ముందే తెలుసన్నట్టు!

మాస్టారు_తెనాలి
ఏం తెలుసు? వచ్చింది దేవకాంత అని తెలుసు. పిల్లల్ని నీళ్లలో వేస్తుందని ప్రతీపుడికి తెలిసినట్టు ఎక్కడా లేదు. లేనిది చదవకండి.

నీలవేణి_కరీంనగర్
షరతు ఉన్నదని తెలుసు గదా. ఇంటికి రాబోయే కోడలు "నన్నేం అడగొద్దు" అన్నదంటే ఏదో ఉన్నదని అర్థం గాదా? రాజ్యం ఏలిన మనిషికి ఆమాత్రం తెల్వదా? కొడుకు పుట్టక ముందే ఆయన ఒప్పేసుకున్నడు. ఆ తర్వాత తపస్సు అని అడవికి పోయిండు. మోసింది ఎవలు?

చంద్రిక
ఇదే ఇంట్లో ఇంకొకటి చూడండి. గంగ వెళ్లాక శంతనుడు సత్యవతిని చేసుకున్నాడు. పెళ్లికి ముందే పరాశరుడి వల్ల ఆమెకు వ్యాసుడు పుట్టాడు. ఆ సంగతి సత్యవతి భర్తకు చెప్పినట్టు నేనెక్కడా చదవలేదు. తన కొడుకు విచిత్రవీర్యుడు పోయి వంశం ఆగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు భీష్ముడికి చెప్పింది. శంతనుడికి ఇద్దరు భార్యలు, ఇద్దరి దగ్గరా ఆయనకు తెలియని కొడుకుల కథ ఉంది. ఒకామె అడగొద్దంది, రెండో ఆమెను ఈయన అడగనే లేదు.

శివరామ్_అట్లాంటా
ఇవన్నీ దైవలీలలు. మన కొలతలు పనికిరావు. అంతా శాపాల ప్రకారం జరిగింది.

నీలవేణి_కరీంనగర్
శాపం ఉన్నదని శంతనునికి ఎవలు చెప్పిండ్రు సార్? ఆయన కండ్లముందల బిడ్డ నీళ్లల్ల పోతున్నడు. కథ చదివెటోళ్లకు అంతా తెలుసు, లోపల ఉన్నోనికి తెల్వదు.

మాస్టారు_తెనాలి
నీలవేణి గారూ, మీరు ప్రతీపుణ్ణి పట్టుకుని వదలడం లేదు. ప్రశ్న శంతనుడి గురించి. నన్నయ గారు ఇదే కథను రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో తెలుగు చేశారు. వెయ్యేళ్ల నుంచి చదువుతున్నాం. ప్రతీపుణ్ణి బోనులో నిలబెట్టిన మొదటి వ్యక్తి మీరే. మీ ఇంటి గొడవలేవో ఉంటే అవి భారతం మీద రుద్దకండి.

డల్లాస్_బాబాయ్
మాస్టారూ, ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది.

నీలవేణి_కరీంనగర్
అనండి సార్. అవును, ఇంటి గొడవనే.

మా చెల్లె మొగడు క్రికెట్ పందేలు కడ్తడు. పెండ్లికి ముందు నుంచే. మాకెవలకు తెల్వది. మంచోడు, మెత్తగ మాట్లాడుతడు, చెల్లెకు జరమొస్తే రాత్రంత కూసోని తడిబట్ట ఏసిండు. అది అబద్ధం గాదు, నేను చూసిన. గాజులు లాకర్ల పెడదాం అన్నడు, ఇచ్చింది. తర్వాత నెక్లెసు, తర్వాత వడ్డాణం. ఎందుకు అని అడగలే. అడిగితే ముఖం మాడుస్తడు, రెండు రోజులు అన్నం తినడు. అందుకని అడుగుడు బంద్ చేసింది. మొన్న బండి సీటు కింద ఆర్సీ కోసం చూస్తే పాలిథిన్ కవర్ల తాకట్టు రసీదులు దొరికినయ్, తారీకుల వరుసన పిన్ను కొట్టి. ఎంత నీటుగ పెట్టుకున్నడో! పుస్తెలతాడు ఒక్కటే మిగిలింది, మెడల ఉన్నది గాబట్టి.

మామ దగ్గరికి పోయి ఏడిస్తే ఆయన అన్న మాట: "పెండ్లయితే బాగుపడతడనుకున్నం బిడ్డా." పెండ్లికి ముందు ఒకసారి పొలం అమ్మి అప్పులు కట్టిండట. ఆయనకు తెలుసు. అత్తకు తెలుసు. సంబంధం తెచ్చినాయనకు తెలుసు. ఇప్పుడు చెప్పుండ్రి, ప్రతీపుని మీద నాకు కోపం ఎందుకు రావొద్దు?

గోదారిగట్టు
పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. మన పెద్దలు సామెత చెప్పి, అదే పని చేస్తారు.

కుర్రకుంక
తెలంగాణలో ఆన్‌లైన్ పందేలు 2017లోనే నిషేధించారు కదక్కా. ఆంధ్రలో 2020లో. 2025లో కేంద్రం కూడా డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ ఆపేస్తూ చట్టం తెచ్చింది.

నీలవేణి_కరీంనగర్
చట్టం చూసి ఆగెటోడు ఉంటే గీ రసీదులెందుకుంటయ్ తమ్మీ? యాప్ పోతే ఫోన్ల గ్రూపు, గ్రూపు పోతే ఊర్ల బుకీ.

అపర్ణ_వకీలు
సలహా కాదు, తెలిసింది చెబుతున్నా. హిందూ వివాహ చట్టం 1955, 12వ సెక్షన్: అవతలి మనిషి గురించిన ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించి పెళ్లి చేస్తే దాన్ని రద్దు చేయమని అడగవచ్చు. మోసం తెలిసిన ఏడాదిలోపు కోర్టుకు వెళ్లాలి. తెలిసిన తర్వాత కూడా మనస్ఫూర్తిగా కాపురం చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. పందేల అప్పు "ముఖ్యమైన విషయం" కిందకి వస్తుందా లేదా అనేది జడ్జి చూడాలి. విడాకుల దారి వేరే. మీ చెల్లెలు ఏం చేసినా ముందు ఆ రసీదులకు ఫోటోలు తీసి పెట్టుకోమనండి.

చంద్రిక
గమ్మత్తుగా ఉంది. తెలిశాక ఉన్నావా వెళ్లావా అని చట్టం కూడా అదే అడుగుతోంది.

మాస్టారు_తెనాలి
రెండు రోజులు ఇటు రాలేదు. ఏం రాయాలో ఆలోచించాను.

మా అబ్బాయికి చిన్నప్పటి నుంచి మూర్ఛ. మందులతో అదుపులో ఉంది. ఉద్యోగం చేస్తాడు. సంబంధాలు వచ్చిన ప్రతిసారీ నిజం చెప్పాం. కాఫీ గ్లాసు సగంలో పెట్టి లేచినవాళ్లున్నారు. "జాతకం కుదరలేదండీ" అని ఫోన్ చేసినవాళ్లున్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు వాడితో ఐదు నిమిషాలు మాట్లాడలేదు. చివరి సంబంధానికి చెప్పలేదు. పెళ్లయ్యాక ఒక రాత్రి మందు మరిచాడు, ఫిట్స్ వచ్చింది. ఆ అమ్మాయి భయపడిపోయింది. పుట్టింటికి వెళ్లింది, రాలేదు. వెళ్తూ గుమ్మంలో నన్నే అడిగింది, "మీకు తెలుసా మావయ్యగారూ" అని.

మళ్లీ ఆ పరిస్థితి వస్తే మళ్లీ అదే చేస్తాను. చెబితే లేచిపోయే లోకంలో తండ్రి ఏం చేయాలి? ముందు మనిషిని చూడాలి, ఆ తర్వాత జబ్బును. ఆ వరస మార్చడానికే ప్రతీపుడు అడగొద్దన్నాడు. నేనూ అందుకే.

అపర్ణ_వకీలు
మాస్టారూ, ఒక్క మాట. పెళ్లికి అనర్హతల్లో ఒకప్పుడు మూర్ఛ కూడా ఉండేది. 1999 సవరణలో ఆ పదం తీసేశారు. చట్టం దృష్టిలో మీ అబ్బాయి పెళ్లికి ఏ అడ్డూ లేదు. దాచడం మాత్రం వేరే ప్రశ్న.

నీలవేణి_కరీంనగర్
మాస్టారూ, మీ కొడుకు సంగతికి బాధైతున్నది, నిజంగ. మూర్ఛ, జూదం ఒకటి గాదు. మూర్ఛ ఆయన చేసుకున్నది గాదు, మా మరిది పందెం ఆయన కట్టిందే. రెండింటిని కలపను.

కానీ మీరు, మా చెల్లె మామ చేసిన పని ఒకటే. ముందు మనిషిని చూడాలె అంటున్నరు. ఆ పిల్ల మీ కొడుకును చూసింది గదా, కొన్నాళ్లు కాపురం చేసింది గదా. ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి ఏం చెయ్యాలెనో తెలుస్తుండె. పక్కకు తిప్పి పండబెట్టాలె, నోట్లె ఏం పెట్టొద్దు, ఇంతే గదా. మీరు చెప్పలే గాబట్టి ఆమె చూసింది ఫిట్స్ గాదు, మోసం. జబ్బును చూసి పోయిందో, మిమ్మల్ని చూసి పోయిందో మీకెట్ల తెలుసు?

మాస్టారు_తెనాలి
జబ్బును చూసే వెళ్లింది.

నీలవేణి_కరీంనగర్
గుమ్మంల అడిగింది మిమ్మల్ని గదా. మీ కొడుకును గాదు.

విజయనగరం_వాసు
ఎప్పుడూ చదవడమే, రాయడం తక్కువ. నాకూ మూర్ఛ ఉంది. పెళ్లిచూపుల్లో నేనే నోరు తెరిచి చెప్పేసాను, మా నాన్న కాలితో తన్నుతూనే ఉన్నాడు కింద నుంచి. ఆ సంబంధం పోయింది. తర్వాత వచ్చినామె డాక్టర్ దగ్గరికి నాతో వచ్చి, అడగాల్సినవన్నీ అడిగి, ఇంటికెళ్లి ఆలోచించుకుని ఒప్పుకుంది. అందరికీ అలా అవుతుందని చెప్పను. మాస్టారూ, ఒక్కటే అడుగుతాను, కోప్పడకండి. చెప్పాలా వద్దా అని మీ అబ్బాయిని అడిగారా?

మాస్టారు_తెనాలి
వాడు చెబుదామనే అన్నాడు. నేనే వద్దన్నాను.

శివరామ్_అట్లాంటా
ఇంతకీ శంతనుడి సంగతి వదిలేశారా?

గోదారిగట్టు
వదల్లేదండీ, అక్కడే ఉన్నాం. గంగకు దాచడానికి కారణం ఉంది, వసువులకిచ్చిన మాట. ప్రతీపుడికీ కారణం ఉంది, కొడుకు పెళ్లి. కారణాలన్నీ మంచివే. ఆ మంచి కారణాల బరువంతా ఒక్కడే మోశాడు, వాడికి మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకు ప్రవచనంలో గుచ్చుకున్నది ఇదే, ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను.

డల్లాస్_బాబాయ్
నీలవేణి గారూ, చెల్లెలు ఉంటానంటోందా, వచ్చేస్తానంటోందా?

నీలవేణి_కరీంనగర్
ఉంటదట. నేను రమ్మన్న, మా అమ్మ రమ్మన్నది, ఇనలే. "జరమొచ్చినప్పుడు కూసున్నది కూడ ఆయనే గదక్కా" అంటది. కానీ ఈసారి షరతు తను పెట్టింది. జీతం తన ఖాతల పడాలె. రసీదులన్ని తన దగ్గర ఉంటయ్. ఎప్పుడు అడిగినా ఫోన్ ఇయ్యాలె, ముఖం మాడ్చొద్దు. వ్యసనం మాన్పించే డాక్టర్ దగ్గరికి వరంగల్ పోతున్నరు ఇద్దరు. మామను మాత్రం ఇంట్లకు రానిస్తలేదు. నాకు నమ్మకం లేదు. అపర్ణగారు చెప్పిన ఏడాది సంగతి చెప్పిన, తారీకు క్యాలెండర్ మీద రాసుకున్నది.

అపర్ణ_వకీలు
ఇష్టపడి ఉంటే ఏమవుతుందో అది కూడా చెప్పారా?

నీలవేణి_కరీంనగర్
చెప్పిన. తెలిసే ఉంటున్న అన్నది.

కుర్రకుంక
మాస్టారు ఇంతసేపు మాట్లాడలేదంటే ఒప్పుకున్నట్టే!

మాస్టారు_తెనాలి
ఒప్పుకోలేదు. శంతనుడు మాట తప్పాడు, అందులో మార్పు లేదు. ప్రతీపుడి సంగతి మళ్లీ చదవాలి. వాసు గారూ, మీరు వెళ్లిన డాక్టరుగారి దగ్గరికి మొదటిసారి ఇద్దరూ కలిసి వెళ్లాలా, ముందు మావాడొక్కడే వెళ్లొచ్చా? ఇక్కడే చెప్పండి, వాడు కూడా చదువుతున్నాడు.