సైనికుడి ఇల్లాలిగా మొదటి క్వార్టర్‌కు వెళ్తున్నాను: ఏం పట్టుకెళ్లాలి, అక్కడ రోజులు ఎలా గడుస్తాయి?

గిద్దలూరు కోడలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది గిద్దలూరు దగ్గర ఒక పల్లె. మా వైపు వీధికి ఇద్దరు ముగ్గురైనా సైన్యంలో ఉంటారు కాబట్టి, సెలవుల మీద వచ్చి నెలా రెండు నెలలు ఉండి వెళ్లే జవాన్లను చిన్నప్పటి నుంచీ చూస్తూనే పెరిగాను. అయితే వారి భార్యలు అక్కడి క్వార్టర్లలో ఎలా సంసారం చేసుకుంటారో ఎప్పుడూ అడిగి తెలుసుకోలేదు. ఇప్పుడు ఆ అవసరం నాకే వచ్చింది.

మా పెళ్లయి పద్నాలుగు నెలలైంది. పెళ్లినాటికి మా వారు ఫీల్డ్‌లో, అంటే కుటుంబాన్ని వెంట తీసుకెళ్లే వీలులేని చోట ఉండటం వల్ల నేను అత్తగారింట్లోనే ఉండిపోయాను. ఈ మధ్యే వారి యూనిట్ కుటుంబంతో ఉండగలిగే పీస్ స్టేషన్‌కు వచ్చింది. ఉత్తర బెంగాల్‌లోని బిన్నాగురిలో క్వార్టర్ కోసం పేరు రాయించి చాలాకాలం ఎదురుచూశాక, ఎట్టకేలకు మా వంతు వచ్చిందని గత ఆదివారం ఫోన్ చేశారు. సంతోషంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి మాత్రం సందేహాలు మొదలయ్యాయి.

మా అత్తగారు బియ్యం, కందిపప్పు, రోలు, ఇత్తడి బిందెలు, నాలుగు జాడీల పచ్చళ్లతో సహా ఇల్లంతా కట్టి పంపేలా ఉన్నారు. మా వారేమో రెండు పెట్టెలకు మించి వద్దంటున్నారు, ఎందుకంటే రెండు మూడేళ్లలో యూనిట్ మళ్లీ కదులుతుందట. కొద్దికాలం ఉండి వదిలి వెళ్లిపోయే ఇంటిని మన ఇల్లుగా ఎంతవరకు అమర్చుకోవాలి? నేను బి.ఇడి. చేసి ఇక్కడి ప్రైవేటు పాఠశాలలో మూడేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఆ పని వదిలేసి వెళ్లడం కూడా మనసుకు కష్టంగానే ఉంది. హిందీ అర్థమవుతుంది గాని మాట్లాడటం రాదు. అనుభవం ఉన్న అక్కలు దయచేసి చెప్పగలరు.

నల్లపెట్టెల అక్క:

చెల్లెమ్మా, ముందుగా నీకు శుభాకాంక్షలు. ప్రశ్నలో యూనిట్ పేరు, ప్రయాణం తేదీ రాయకుండా జాగ్రత్త పడ్డావు. ఇకముందు కూడా అలాగే ఉండు, ఎందుకంటే ఇంట్లో మనం పాటించవలసిన క్రమశిక్షణలో మొదటిది అదే. మా వారు సుబేదార్. పద్దెనిమిదేళ్లలో పఠాన్‌కోట్, ఝాన్సీ, జోధ్‌పూర్, మీసామారీతో కలిపి ఆరు ఇళ్లు మారాను, మధ్యలో రెండుసార్లు ఆయన ఫీల్డ్‌కు వెళ్లినప్పుడు పిల్లలతో విడిగా ఉన్నాను.

సామాన్ల సంగతి తర్వాత చెబుతాను. బయలుదేరే ముందు నువ్వు చూసుకోవలసింది కాగితాలు. మీ పెళ్లి సంగతి మీ వారి సర్వీసు రికార్డులో పార్ట్ టూ ఆర్డర్‌గా (జవాను వివరాల్లో మార్పులు నమోదు చేసే ఉత్తర్వుగా) పడిందో లేదో, అందులో నీ పేరు నీ ఆధార్ కార్డులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో చూడమని ఈ రోజే ఆయనకు చెప్పు. మన తెలుగువాళ్లకు ఇక్కడే చిక్కు వస్తుంది. మన ఇంటిపేరు ముందు ఉంటుంది, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగానే ఉంటుంది. అక్కడి గుమాస్తా ఆ అక్షరాన్ని విడమరిచి చివర పెడతాడు, లేదంటే పూర్తిగా వదిలేస్తాడు. నా పేరు రికార్డులో ఒక రకంగా, ఆధార్‌లో మరో రకంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో రకంగా ఉండేది. దాన్ని సరిదిద్దుకోవడానికి అఫిడవిట్లతో ఏడాదిన్నర తిరిగాం. డిపెండెంట్ కార్డుకూ, ఎం.ఐ. రూమ్‌లో, అంటే అక్కడి సైనిక వైద్యశాలలో మందులకూ, రేపు పిల్లలు పుడితే వారి పేర్లు ఎక్కించడానికీ, కుటుంబ పెన్షన్‌కూ అన్నిటికీ మూలం ఆ రికార్డే.

ఇక సామాన్లు. రెండు పెట్టెలు చాలవు, ఇల్లంతా అక్కరలేదు. మంచాలు, బల్లలు, కుర్చీల వంటివి చాలా స్టేషన్లలో ఎం.ఇ.ఎస్. (సైనిక ఇంజనీరింగ్ విభాగం) వాళ్లు అద్దెకు ఇస్తారు కాబట్టి చెక్క సామాను జోలికి పోవద్దు. ఇల్లు అప్పజెప్పుకునే రోజున ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని హోల్డర్లు, ఏ కిటికీకి అద్దం పగిలి ఉంది అన్నది దగ్గరుండి రాయించు, లేకపోతే ఖాళీ చేసేటప్పుడు ఆ ఖర్చు మీ మీద పడుతుంది. నల్లటి రేకు పెట్టెలు నాలుగు చాలు. వాటి మీద ఆయన నంబరు, ర్యాంకు, పేరు తెల్లరంగుతో రాయిస్తారు. ప్రతి పెట్టె మూత లోపలి వైపు అందులో ఏమున్నదీ ఒక కాగితం మీద తెలుగులో రాసి అంటించు. మా ఇంట్లో ఆ పెట్టెలే రెండేసి జతచేసి పైన బొంత, దాని మీద మంగళగిరి దుప్పటి పరిస్తే దివాన్ అవుతాయి. మా పిల్లలు వాటి మీద కూర్చునే ఎక్కాలు నేర్చుకున్నారు.

పచ్చళ్లు నాలుగు జాడీలు వద్దు, ఒక్కటి చాలు. పఠాన్‌కోట్ వెళ్లినప్పుడు మా అమ్మ పెట్టిచ్చిన ఆవకాయ జాడీకి వాసెన గట్టిగానే కట్టాను గాని, లారీ కుదుపులకు జాడీ అడుగున బీట పడింది. పెట్టె తెరిచేసరికి నూనె మొత్తం రెండు రజాయిలకూ, మా పెళ్లి ఆల్బమ్‌కూ పట్టింది. ఆ ఆల్బమ్‌లో తలంబ్రాల ఫోటో ఇప్పటికీ ఎర్రగానే ఉంటుంది, తెరిస్తే మామిడికాయ వాసన వస్తుంది. అప్పటి నుంచి పచ్చడిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, దాన్ని ఖాళీ కుక్కర్‌లో కూర్చోబెట్టి తీసుకెళ్తున్నాను.

బిన్నాగురిలో మా తోడికోడలు రెండేళ్లు ఉంది. డూయార్స్ ప్రాంతం కాబట్టి చుట్టూ తేయాకు తోటలూ అడవీ ఉంటాయి. వానాకాలమంతా బట్టలు ఆరవు, చెప్పులకూ బెల్టులకూ బూజు పడుతుంది, అందువల్ల పట్టుచీరలు రెండుకు మించి తీసుకెళ్లవద్దు. రాత్రివేళ ఏనుగులు కంటోన్మెంట్ లోపలికి వచ్చేవట. పనసపండ్ల కాలంలో వాటి రాక మరీ ఎక్కువ. చీకటి పడ్డాక ఒంటరిగా బయటకు వెళ్లవద్దని అక్కడ చెబితే మాట వినాలి.

చలికాలంలో ఇడ్లీ పిండి పులియదు. నేను చేసే పద్ధతి చెబుతాను: పిండి గిన్నెను గోరువెచ్చని నీళ్లున్న పెద్ద గిన్నెలో దించి, మూతపెట్టి, పాత ఉన్ని కంబళిలో చుట్టి రాత్రి తొమ్మిదింటికి పెడతాను. నడిరాత్రి మెలకువ వస్తే ఒకసారి నీళ్లు మారుస్తాను. తెల్లవారి మా వారు పీ.టీ.కి వెళ్లి వచ్చేసరికి పిండి మూతను తాకేలా పొంగి ఉంటుంది. నీ ఇడ్లీల కోసం ఇరుగుపొరుగు పంజాబీ, గఢ్వాలీ, మరాఠీ ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని వస్తారు. హిందీ నీకు వాళ్లే నేర్పుతారు, అందుకోసం పుస్తకాలు కొనవద్దు.

ఒక కరివేపాకు మొక్క మాత్రం తప్పకుండా తీసుకెళ్లు. నా దగ్గరున్నది ఝాన్సీ నుంచి నాతోనే నాలుగు ఊళ్లు తిరిగింది.

విశాఖ తీరం:

అమ్మాయి గారూ, మాది నౌకాదళ కుటుంబం కాబట్టి నా అనుభవం కొంచెం వేరుగా ఉంటుంది. తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం విశాఖలోనే ఉండటం వల్ల నాకు భాష చిక్కు, తిండి చిక్కు లేవు. ఇంటి మనిషే ఉండరు. ఓడ సముద్రం మీదకు వెళ్తే ఎప్పుడు వస్తారో మనం అడగకూడదు, వారు చెప్పకూడదు.

మా అబ్బాయికి నాలుగేళ్లప్పుడు, నాన్న ఎక్కడని ఎవరు అడిగినా బీచ్ వైపు చెయ్యి చూపించేవాడు. ఒడ్డున ప్రదర్శనగా నిలిపిన కుర్సురా జలాంతర్గామి దగ్గరకు తీసుకెళ్లినప్పుడు లోపలి ఇరుకు పడకలను చూసి, నాన్న కాళ్లు ఎక్కడ పెట్టుకుంటారని అడిగాడు. ఆయన జలాంతర్గామిలో పనిచేయరని ఎంత చెప్పినా వినలేదు. ఆ తర్వాత ఆయన ఇంటికి వచ్చిన రోజున, వాడు తన చిన్న మంచం ఖాళీ చేసి నాన్నను కాళ్లు చాపుకుని పడుకోమన్నాడు.

మీకు నేను చెప్పగలిగింది ఒకటే. ఆయన లేని రోజుల్లో పిల్లల పుట్టినరోజులూ పండుగలూ వాయిదా వేయవద్దు, చేయవలసిన రోజునే చేయండి. తర్వాత ఆయన వచ్చాక మరోసారి చేయండి. మా ఇంట్లో సంక్రాంతి ఒక ఏడాది ఫిబ్రవరిలో రెండోసారి వచ్చింది, అరిసెలు రెండుసార్లూ బాగానే కుదిరాయి.

తిరుమలగిరి టీచర్:

పై ఇద్దరు అక్కలు చెప్పినదాన్ని గౌరవిస్తూనే ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరుగా చెబుతున్నాను. మీరు పని వదిలి వెళ్లడం గురించి రాసిన ఆ ఒక్క వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం మీ ఉత్తరం మొత్తంలో అదే ముఖ్యమైన మాటగా కనిపించింది.

నేను పెళ్లయిన కొత్తలో ఉద్యోగం మానేసి వెళ్లాను. మొదటి ఆరు నెలలు కొత్త ఊరు, కొత్త స్నేహాలు, నెలనెలా ఫ్యామిలీ వెల్ఫేర్ మీటింగ్, అక్కడి హౌసీ (తంబోలా) ఆట, బడాఖానా రోజున అధికారులు, జవాన్లు ఒక్కచోట కలిసి భోంచేయడం, ఇవన్నీ ఎంతో బాగున్నాయి. ఆ తర్వాత ఉదయం ఆయన వెళ్లాక గడియారం చూస్తూ కూర్చునే పరిస్థితి వచ్చింది. బి.ఇడి. ఉన్న మీకు ఆ పరిస్థితి రానక్కరలేదు. ఆర్మీ పబ్లిక్ స్కూళ్లను నడిపే సంక్షేమ విద్యాసంస్థ 1983లో ఏర్పడింది, ఉపాధ్యాయుల కోసం వాళ్లు ఆన్‌లైన్ స్క్రీనింగ్ పరీక్ష పెడతారు. అందులో నెగ్గితే వచ్చే స్కోర్ కార్డుతో ఏ ఊరి ఆర్మీ స్కూల్‌లోనైనా ఖాళీ ఉన్నప్పుడు దరఖాస్తు చేసుకోవచ్చు. అందరికీ వెంటనే ఉద్యోగం రాకపోవచ్చు గాని, ఊరు మారినా చేతిలో ఉండే అర్హత అది. లెక్కలు చెప్పేవాళ్లకు ట్యూషన్ పిల్లలు ఎక్కడికి వెళ్లినా దొరుకుతారు. 1966లో మొదలైన ఆవా (సైనికుల భార్యల సంక్షేమ సంఘం) కేంద్రాల్లో కుట్టు, కంప్యూటర్ వంటివి నేర్పుతుంటారు. నేర్చుకోవడానికే కాక, నేర్పడానికి కూడా అక్కడికి వెళ్లండి.

మా వారు ఇప్పుడు ఫీల్డ్‌లో ఉన్నారు. నేను సికింద్రాబాద్‌లో పిల్లతో ఉండి పాఠాలు చెబుతున్నాను. ఆయన ఉన్నచోట నేను లేనన్న బాధ లేకపోలేదు. కానీ రాత్రి ఫోన్‌లో ఆయన తన రోజు గురించి చెప్పగలిగినంత చెప్పాక నీ సంగతులు ఏమిటని అడిగినప్పుడు, చెప్పడానికి నా దగ్గర ముప్పై ఐదు మంది పిల్లల కబుర్లు ఉంటాయి.

మాధవరం అమ్మమ్మ:

అమ్మా, మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటేనే అందరికీ తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ మా ఊరివాళ్లు సైన్యంలో చేరుతున్నారు. మా మామగారు, మావారు, మా పెద్దబ్బాయి ముగ్గురూ సైనికులే. నా మనవరాలు ఈ ఉత్తరాలన్నీ చదివి వినిపించింది, నేను చెబుతుంటే తనే రాస్తోంది.

మా కాలంలో ఫోన్లు లేవు. 1987లో మావారు మంచుకొండల మీద ఉన్నప్పుడు నేను వారానికి రెండు ఇన్‌ల్యాండ్ కవర్లు రాసేదాన్ని. చిరునామాలో ఊరి పేరు ఉండదు, నంబరూ, పేరూ, యూనిటూ, కింద 56 ఏ.పీ.ఓ. (సైనిక తపాలా కార్యాలయం) అని మాత్రమే రాయాలి. మంచు పడి దారులు మూసుకుపోతే ఉత్తరాలన్నీ ఆగిపోయి ఒక్కసారిగా అరడజను చేరేవి. అవి ముందువెనకలుగా చదివి ఆయన కంగారుపడేవారు. ఒకసారి గేదె ఈనిందన్న ఉత్తరం ముందు, గేదెకు జబ్బు చేసిందన్న పాత ఉత్తరం తర్వాత చదివి, దాని గురించి దిగులుపడుతూ నాలుగు పేజీలు రాశారు. ఆ తర్వాత నేను ప్రతి కవరు మూలన ఒకటి, రెండు, మూడు అని అంకె వేయడం మొదలుపెట్టాను. నూట నలభై ఒకటి దాకా వెళ్లింది. అవన్నీ ఆయన తన పెట్టెలోనే తెచ్చుకున్నారు. ఆ పెట్టె ఇప్పుడు మా ధాన్యం గది పక్కన ఉంది.

నువ్వు అడిగిన ఇంటి సంగతి చెబుతాను. మావారితో నేను నాలుగు క్వార్టర్లలో కాపురం చేశాను. చేరిన మర్నాడే గడప కడిగి పసుపు రాసి, ముగ్గు పెట్టేదాన్ని. పక్కింటి బెంగాలీ ఆవిడ చూసి వరిపిండితో తమ ముగ్గు నేర్పింది, ఆమెకు నేను మన చుక్కల ముగ్గు నేర్పాను. వదిలి వచ్చేటప్పుడు కూడా ఇల్లు ఊడ్చి, ముగ్గు పెట్టే వచ్చేదాన్ని, తర్వాత వచ్చే ఇల్లాలు చూస్తుందని. ఎన్నాళ్లుంటామన్న లెక్క నేను ఎప్పుడూ వేసుకోలేదు. నువ్వు కూడా వేసుకోకు తల్లీ. ఆయన రిటైరై పాతికేళ్లు దాటినా ఇప్పటికీ తెల్లవారి ఐదింటికి లేచి దుప్పటి అంచులు కలిపి నాలుగు మడతలు వేస్తారు. ఆ మడత నాకు ఇంతవరకు రాలేదు.

గిద్దలూరు కోడలు:

అక్కలకూ, అమ్మమ్మగారికీ నమస్కారాలు. నిన్న రాత్రి మా వారికి ఈ ఉత్తరాలన్నీ ఫోన్‌లో చదివి వినిపించాను. పార్ట్ టూ ఆర్డర్‌లో నా ఇంటిపేరు నిజంగానే పొడి అక్షరంగా ఉందని ఈ ఉదయం చూసి చెప్పారు, దిద్దుబాటుకు దరఖాస్తు ఇచ్చారు. అక్క చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు.

పాఠశాలలో విద్యాసంవత్సరం చివరిదాకా ఉండి, పిల్లల పరీక్షలు అయ్యాకే వెళ్తానని చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు. ఈలోగా స్క్రీనింగ్ పరీక్షకు చదువుకుంటాను. రోలు, ఇత్తడి బిందెలు ఇక్కడే ఉంటాయి. పచ్చడి ఒక్కటే, అదీ గోంగూర. ఆవకాయకైతే వేసవి దాకా ఆగాలి.

మా అత్తగారికి కరివేపాకు సంగతి మాత్రం అన్నిటికన్నా నచ్చింది. బావి పక్కనున్న చెట్టు మొదట్లోంచి పిలక ఒకటి వేరు తెగకుండా తవ్వి తీశారు. ఇప్పుడు వాకిట్లో కూర్చుని, పాత నూనె డబ్బా అడుగున మేకుతో చిల్లులు పెడుతున్నారు.