పన్ను పీకే ముందు ఇచ్చేది మత్తేనా?

పోయిన నెల అమ్మను పన్ను పీకించడానికి తీసుకెళ్లాను. డాక్టరుగారు "మత్తు సూది ఇస్తానమ్మా" అనగానే కుర్చీలోంచి లేచిపోయింది. ఈ వయసులో మత్తిస్తే మళ్లీ తెలివి రాదేమోనని భయం. చిగురు ఒక్కటే మొద్దుబారుతుందని ఆయన ఎంత చెప్పినా వినలేదు. నాకైతే, ఆ మాట విన్నాక అమ్మ భయపడటం సబబే అనిపించింది.

మత్తు అంటే మనకు తలకెక్కేది. నిద్రమత్తు, కల్లు మత్తు. సంస్కృతంలో మత్త శబ్దానికి మూలం 'మద్' ధాతువు. మదం, ఉన్మాదం, మాదకద్రవ్యం, చివరికి అప్రమత్తం కూడా ఆ ఇంటివే. మత్తేభ పద్యంలో ఉన్నది మదించిన ఏనుగు. ఉన్మత్తమే మన నోట ఉమ్మెత్త అయింది. ఆ గింజలు తిన్నవాళ్లు పలవరిస్తారు. వాటిలోని అట్రోపిన్, స్కోపోలమిన్ మెదడులో కబుర్లు మోసే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనికి అడ్డుపడతాయి మరి. పేరు ఎంత సరిగ్గా పెట్టారో చూడండి.

పన్ను దగ్గర ఇచ్చే లిగ్నోకైన్ పని చేసేది అక్కడి నరం మీద. నొప్పి కబురు నరం వెంట సాగాలంటే కణంలోకి సోడియం చొరబడాలి. లిగ్నోకైన్ ఆ దారులు మూసేస్తుంది, కబురు మెదడుకు చేరదు, మనిషి తెలివిగానే ఉంటాడు. పెద్ద ఆపరేషన్లకు ఇచ్చే ప్రొపొఫాల్ వేరు. మెదడు కణాలను నెమ్మదింపజేసే గాబా అనే రసాయనానికి అది బలం పెంచుతుంది. సారా పనిచేసే దారుల్లోనూ ఇదొకటి. వీటిని మత్తు అనడం న్యాయమే.

ఒక్క కొకైన్‌కు మాత్రం ఆ మాట రెండు విధాలా చెల్లుతుంది. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కంటి ఆపరేషన్‌లో నొప్పి తెలియకుండా వాడింది దాన్నే. నరం మీద పడితే సోడియం దారులు మూస్తుంది. మెదడుకు చేరితే, వెలువడిన డోపమిన్ అనే హుషారు రసాయనాన్ని కణాలు వెనక్కి తీసుకోకుండా ఆపి కైపెక్కిస్తుంది.

లిగ్నోకైన్‌ను 'తిమ్మిరి సూది' అంటే ఎలా ఉంటుంది?

ఒక సభ్యురాలి జవాబు: నేను నర్సును సార్. సిజేరియన్‌కు వెన్నులో ఇచ్చేదాన్నీ మేం మత్తనే అంటాం. బిడ్డ ఏడుపు వినగానే "నాకింకా మత్తెక్కలేదు" అని కంగారుపడే తల్లులున్నారు. మాట మారాల్సిందే. కానీ తిమ్మిరి అంటే చీమలు పాకినట్టుండే బాధ కూడా కదా? 'మొద్దు సూది' అందామంటే మొన అరిగిన సూది అనుకుంటారు.

నా జవాబు: నిజమేనమ్మా, తిమ్మిరిలో ఆ బాధ ఉంది, నాకు తట్టలేదు. మొన్న మళ్లీ వెళ్లినప్పుడు "నొప్పి తెలియకుండా చేసే సూది" అని చెప్పించాను. అమ్మ నోరు తెరిచింది, పన్ను వచ్చేసింది. మాట మాత్రం మరీ పొడుగు. ఇంతకంటే పొట్టిది మీ ఊళ్లో ఎవరైనా అంటుంటే, ఏ ఊరో చెప్పి ఇక్కడ రాయండి.