రొయ్యల చెరువు అడుగు నుంచి సిగ్నల్: 125 కిలోహెర్ట్జా, 10 కిలోహెర్ట్జా?

1.2 మీటర్ల లోతు చెరువు అడుగున డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) సెన్సర్ ఉంది. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే పంటే పోతుంది కాబట్టి రీడింగ్ తప్పకుండా గట్టుకు చేరాలి. పట్టుబడి వలలకు అడ్డమని వైరు వేయలేం. ఉప్పదనం 15 పీపీటీ (వెయ్యి భాగాల్లో 15), వాహకత సుమారు 25 మిల్లీసీమెన్స్/సెం.మీ. ఇంత ఉప్పులో 433 మెగాహెర్ట్జ్ లోరా (దూరం వెళ్లే తక్కువ పవర్ రేడియో) సిగ్నల్ మీటరుకు దాదాపు 400 డెసిబెల్స్ పోతుంది. పవర్ పెంచినా దండగే. ఏరేటర్ల బుడగలతో ధ్వని తరంగాలూ కష్టమే.

మిగిలింది కాయిల్ నుంచి కాయిల్‌కు అయస్కాంత ప్రేరణ. స్కిన్ డెప్త్ (సిగ్నల్ నీటిలో దాదాపు మూడో వంతుకు తగ్గే లోతు) 125 కిలోహెర్ట్జ్ దగ్గర 0.9 మీటర్లు, 10 దగ్గర 3.2. నిమిషానికి 20 బైట్లు చాలు, కనుక 10 వైపే మొగ్గు. కానీ అక్కడ మోటార్ల 50 హెర్ట్జ్ హార్మోనిక్స్ (ఆ ఫ్రీక్వెన్సీ గుణిజాలు) గోల ఎక్కువ.

30 సెం.మీ. వ్యాసం కాయిల్‌కు ఎన్ని చుట్లు, ఏ గేజ్ తీగ? నీటిలో దించాక ట్యూనింగ్ జారకుండా ఎపాక్సీ ఎంత మందం పోయాలి? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.