సోమవారం బడి తెరుస్తున్నారు, ఇంట్లో షుగర్ ఉన్న పెద్దావిడ ఉన్నారు: చిన్నవాణ్ణి పంపవచ్చా?

కుందలహళ్ళి అమ్మ
29 జనవరి 2022, శనివారం

బెంగళూరులో 31వ తేదీ నుంచి ఒకటి నుంచి తొమ్మిది తరగతులకు మళ్ళీ బడి అని ఇప్పుడే వార్త చూశాను. మా చిన్నవాడు మూడో తరగతి. ఎనిమిదేళ్ళు, 24 కిలోలు. ఆ వయసుకి ఇంకా కోవిడ్ టీకా లేదు. అమ్మాయి పదో తరగతి, జనవరి 7న బడిలోనే కోవాక్సిన్ మొదటి డోసు వేశారు. మా అత్తయ్యగారికి 66 ఏళ్ళు, షుగర్ ఉంది, కోవిషీల్డ్ రెండో డోసు 2021 ఏప్రిల్ 26న అయింది. మావారిని వారానికి రెండు రోజులు ఆఫీసుకి రమ్మన్నారు. రెండు పడగ్గదుల ఇల్లు. చిన్నవాడు రాత్రిళ్ళు నానమ్మ పక్కనే పడుకుంటాడు.

చిన్నవాణ్ణి పంపాలా, ఆగాలా? అమ్మాయికి వేసిన మందు సీసా మీద గడువు తేదీ పైన కొత్త కాగితం అంటించి ఉందట, అది సరైనదేనా? రెండో డోసుకి జ్వరం వస్తే ఏ మాత్ర ఎంత ఇవ్వాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

---

సూది గది

ముందు ఆ లేబుల్ సంగతి. కోవాక్సిన్ నిల్వ గడువును 9 నెలల నుంచి 12 నెలలకు పెంచుతూ కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అయిన సీడీఎస్‌సీఓ 2021 అక్టోబరు 25న అనుమతి ఇచ్చింది. అప్పటికే తయారై ఉన్న సీసాల మీద పాత తేదీ ఉంటుంది కాబట్టి కొత్త తేదీ అంటించారు. ఇదే అనుమానం చాలామందికి వచ్చినందున జనవరి 3న కేంద్ర ఆరోగ్య శాఖ కూడా వివరణ ఇచ్చింది. కాబట్టి దాని గురించి బెంగ వద్దు. రెండోసారి వెళ్ళినప్పుడు మాత్రం సూది ఎక్కించే ముందు సీసా చూపించమని అడగండి. 15 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి కోవాక్సిన్ ఒక్కటే. ఒకే గదిలో పెద్దలకు కోవిషీల్డ్ కూడా వేస్తుంటే అడగడం మరీ ముఖ్యం. అడిగితే ఎవరూ తప్పు పట్టరు, చూపిస్తారు.

జనవరి 7కి 28 రోజులు కలిపితే ఫిబ్రవరి 4. ఆ రోజు నుంచి వేయించుకోవచ్చు. పరీక్ష ఉంటే నాలుగు రోజులు ఆలస్యమైనా మొదటి డోసు వృథా కాదు, మళ్ళీ మొదలుపెట్టనక్కర్లేదు. ఏ ఫోను నంబరు మీద మొదటి డోసు నమోదైందో అదే నంబరుతో వెళ్ళండి. బడిలో వేసినప్పుడు అమ్మ నంబరు, ఆసుపత్రిలో నాన్న నంబరు ఇస్తే టీకాలు నమోదయ్యే ప్రభుత్వ వెబ్‌సైటు కోవిన్‌లో ఇద్దరు వేర్వేరు మనుషులకు ఒక్కో మొదటి డోసు పడినట్టు అవుతుంది, రెండో డోసు సర్టిఫికెట్ రాదు. అలా అయితే కోవిన్‌లో 'రైజ్ యాన్ ఇష్యూ' లోకి వెళ్ళి రెండు మొదటి డోసు సర్టిఫికెట్లను కలపమని పెట్టాలి. మన తెలుగువాళ్ళకి ఇంకో చిక్కు, ఇంటిపేరు. ఆధార్‌లో పూర్తిగా, బడి గుర్తింపు కార్డులో ఒక్క అక్షరంగా ఉంటుంది. ఏ కార్డుతో నమోదు చేశారో అదే కార్డు తీసుకెళ్ళండి.

ఆ వయసు పిల్లలు సూది తర్వాత కళ్ళు తిరిగి పడిపోవడం కద్దు. చాలావరకు అది మందు వల్ల కాదు, భయం వల్లా ఖాళీ కడుపు వల్లా. రెండు ఇడ్లీలైనా తినిపించి, నీళ్ళు తాగించి పంపండి. కూర్చోబెట్టే వేయించండి. కళ్ళు తిరుగుతున్నాయంటే వెంటనే పడుకోబెట్టి కాళ్ళ కింద బ్యాగు పెట్టి ఎత్తండి, రెండు నిమిషాల్లో తేరుకుంటుంది. కుడిచేత్తో రాసే పిల్లకి ఎడమచేతికి వేయించండి. వేసిన చోట రుద్దవద్దు. అరగంట అక్కడే కూర్చోవాలన్నది ఊరికే పెట్టిన నియమం కాదు. అరుదుగా వచ్చే తీవ్రమైన అలర్జీ ఎక్కువగా ఆ అరగంటలోనే బయటపడుతుంది, దానికి వెంటనే ఇవ్వాల్సిన అడ్రినలిన్ ఆ గదిలో సిద్ధంగా ఉంటుంది. ఆటోలో ఉండదు.

మీ అత్తయ్యగారి విషయంలో ఒక్క రోజు కూడా ఆగకండి. ప్రికాషన్ డోసుకి, అంటే మూడో డోసుకి, రెండో డోసు నుంచి 9 నెలలు, అంటే 39 వారాలు నిండాలి. ఏప్రిల్ 26 నుంచి లెక్కేస్తే జనవరి 24కే నిండాయి. అరవై దాటి షుగర్ ఉన్నవాళ్ళు డాక్టరు సర్టిఫికెట్ చూపించనక్కర్లేదు, వేయించుకునే ముందు తమ డాక్టరును ఒక మాట అడిగితే చాలు. మొదట వేసుకున్న మందే మళ్ళీ వేస్తారు, కాబట్టి కోవిషీల్డే. ఈ మధ్య ఆవిడకు కోవిడ్ వచ్చి తగ్గి ఉంటే మాత్రం 3 నెలలు ఆగాలి.

---

కిటికీ దగ్గర బల్ల

నా మాట: పంపండి. కానీ పంపే ముందు బడిని అడగాల్సింది శానిటైజర్ గురించి కాదు, గాలి గురించి. ఈ వైరస్ గాలిలో తేలుతుంది. మూసిన గదిలో అగరుబత్తి వాసన ఎలా నిండుతుందో ఇదీ అలాగే నిండుతుంది. బల్లలు తుడవడానికి పెట్టే శ్రమలో సగం కిటికీల మీద పెడితే ఎంతో మేలు.

జనవరి పొద్దుటి చలికి బెంగళూరు బడుల్లో కిటికీలన్నీ బిగించేస్తారు. చిక్కంతా అక్కడే. 30 మంది పిల్లలున్న గదిలో తలుపులు, కిటికీలు మూస్తే గంట తిరక్కుండా కార్బన్ డయాక్సైడ్ 1500 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో 1500 పాళ్ళు) దాటుతుంది. బయటి గాలిలో అది 420 దాకా ఉంటుంది. గదిలో 800 లోపు ఉంటే గాలి బాగా ఆడుతున్నట్టు, 1000 దాటితే ఒకరు వదిలిన గాలి ఇంకొకరు పీలుస్తున్నట్టు. మీటరు లేకపోతే ఒక అగరుబత్తి చాలు. గది మధ్యలో వెలిగించి పొగను చూడాలి. పొగ ఒక వైపుకి వంగి కిటికీలోంచో తలుపులోంచో పోతే సరే. నిట్టనిలువుగా లేచి, నెత్తి మీద పొరలా నిలిచిపోతే ఆ గదిలో గాలి కదలడం లేదు. ఒక పక్క కిటికీలు మాత్రమే తెరిస్తే చాలదు, ఎదుటి గోడ వైపు తలుపో వెంటిలేటరో కూడా తెరిచి ఉండాలి. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఫ్యాను కూడా అంతే, కిటికీ తెరిచి ఉంటేనే దాని వల్ల ప్రయోజనం.

క్యారేజీ విప్పే సమయం మరో బలహీనమైన చోటు. అందరూ ఒకేసారి మాస్కులు తీసి కబుర్లు చెప్పుకుంటారు. వరండాలోనో చెట్టు కిందో తినిపిస్తారా, తరగతుల వారీగా వేళలు మారుస్తారా అని అడగండి. వ్యానులో రెండు వైపులా అద్దాలు నాలుగు వేళ్ళంత తెరిచి ఉంచమనండి.

మీవారి ఆఫీసుకీ ఇదే లెక్క. కుర్చీల మధ్య దూరం కన్నా క్యాంటీన్ ముఖ్యం. రద్దీ లేనప్పుడు, వీలైతే ఆరుబయట తినమనండి. ఏసీ వోల్వో బస్సుకి అద్దాలు తెరుచుకోవు, అందులో ఎన్95 తీయకూడదు. క్యాబ్ అయితే ఏసీని బయటి గాలి వచ్చేలా పెట్టించుకోవాలి.

---

బీటీఎం పంతులమ్మ

పై ఆయన గాలి గురించి చెప్పినదంతా నిజం, కానీ ఈ ఇంటికి నేనైతే రెండు వారాలు ఆగమంటాను. అత్తయ్యగారు సోమవారం డోసు వేయించుకున్నా, దాని బలం పుంజుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మూడో తరగతి పాఠాలు పది రోజులు పోతే ఇంట్లో చెప్పుకోవచ్చు.

పంపేటట్టయితే మాస్కు సంగతి చూడండి. 5 ఏళ్ళ లోపు పిల్లలకు వద్దని, 6 నుంచి 11 వాళ్ళకి సరిగ్గా వాడడం చేతనైతే పెద్దల కనుసన్నల్లో పెట్టవచ్చని కేంద్రం జనవరి 20న చెప్పింది. పెద్దవాళ్ళ ఎన్95 పిల్లల మొహానికి పెడితే చెంపల దగ్గర సందు పడుతుంది, గాలంతా అటే పోతుంది. పిల్లల సైజు మూడు పొరల మాస్కు మంచిది. చెవి దారాన్ని మాస్కు అంచు దగ్గరే ముడి వేసి, పక్కన లేచిన మడతను లోపలికి తోస్తే చెంపకి అంటుకుంటుంది. చెమటకి తడిసిన మాస్కులో ఊపిరాడక పిల్లలు ముక్కు కిందికి లాగేస్తారు, అందుకే సంచిలో రెండు శుభ్రమైనవి ఒక కవరులో, వాడినవి వేయడానికి ఇంకో కవరు పెట్టండి. ఆటల పీరియడులో మాస్కు వద్దు.

పొద్దున లేవగానే గొంతు నొప్పి, ఒళ్ళు వెచ్చన, విరేచనాలు, వీటిలో ఏది ఉన్నా పంపకండి. హాజరు పోతుందని పారాసెటమాల్ వేసి పంపితే రెండో పీరియడుకి జ్వరం మళ్ళీ వస్తుంది, అప్పటికి ఆ బల్ల మీద నలుగురు కూర్చుని ఉంటారు.

---

కుందలహళ్ళి అమ్మ

అత్తయ్యగారికి సోమవారమే వేయిస్తాను. మందు మోతాదు ఎవరైనా చెబుతారా? ఇంట్లో డోలో 650 ఉంది, పిల్లల సిరప్ ఉంది.

---

కొలత గ్లాసు

మనకి డోలో పేరు బాగా అలవాటైపోయింది గానీ అదీ పారాసెటమాలే, చూడాల్సింది లోపల ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నాయన్నది. పిల్లలకు పారాసెటమాల్ కిలో బరువుకి 10 నుంచి 15 మి.గ్రా. మీ చిన్నవాడు 24 కిలోలు, అంటే ఒకసారికి 240 నుంచి 360 మి.గ్రా. సీసా మీద 5 మి.లీ.లో 250 మి.గ్రా. అని ఉంటే 5 నుంచి 7 మి.లీ. అదే 5 మి.లీ.లో 120 అని ఉంటే 10 నుంచి 14 మి.లీ. పసిపిల్లల చుక్కల మందు ఇంకా గాఢం, ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. దాన్ని సిరప్ అనుకుని 5 మి.లీ. పోస్తే 500 మి.గ్రా. లోపలికి పోతుంది, అది వాడికి ఎక్కువ. సీసా బాగా కుదపాలి, లేకపోతే మందు అడుగున ఉండిపోయి పైన తీపి నీళ్ళే వస్తాయి. వంటింటి చెంచా వద్దు, మూతతో వచ్చే కొలత గ్లాసే వాడండి. డోసుకి డోసుకి 6 గంటలు ఎడం ఉంచండి, 24 గంటల్లో 4 సార్లు మించకూడదు. జలుబు సిరప్‌లు చాలావాటిలో కూడా పారాసెటమాల్ ఉంటుంది, రెండూ కలిపి ఇస్తే మోతాదు రెట్టింపవుతుంది.

అమ్మాయి 40 కిలోలు దాటి ఉంటే 500 మాత్ర ఒకటి చాలు, 650 అక్కర్లేదు. టీకాకి ముందే వేయవద్దు. కోవాక్సిన్ తర్వాత పారాసెటమాల్ అవసరమని తాము చెప్పలేదని దాన్ని తయారుచేసే భారత్ బయోటెక్ కూడా ఈ నెలలోనే ప్రకటించింది. జ్వరం వచ్చి పిల్ల ఇబ్బంది పడుతుంటే ఇవ్వండి. చెయ్యి నొప్పికి తడిగుడ్డ చాలు. జ్వరం రెండు రోజులు దాటితే టీకా వల్ల అనుకోకుండా పరీక్ష చేయించండి.

ఇంట్లో చేసుకునే కోవిడ్ పరీక్ష కిట్ ఒకటి ఉంచుకోండి. పుల్లను రెండు ముక్కురంధ్రాల్లోనూ 2 నుంచి 4 సెం.మీ. లోపలికి పెట్టి ఐదేసి సార్లు తిప్పాలి. ఫలితం 15 నిమిషాలకు చూడాలి, 20 నిమిషాలు దాటాక వచ్చిన గీతను లెక్కలోకి తీసుకోకూడదు. 'సి' దగ్గర గీత రాకపోతే కిట్ పనిచేయనట్టే. పాజిటివ్ వస్తే అదే ఖాయం. లక్షణాలుండి నెగటివ్ వస్తే ల్యాబులో ఆర్‌టీపీసీఆర్ చేయించాలి. పాజిటివ్ అయినవాళ్ళు 7 రోజులు విడిగా ఉండాలి, చివరి 3 రోజులు జ్వరం లేకపోతే మళ్ళీ పరీక్ష అక్కర్లేదు. అత్తయ్యగారికి ఎప్పుడైనా వస్తే ఆక్సిమీటరు వేలికి రంగు లేకుండా, చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు పెట్టండి. గంటలో మూడు సార్లు చూసినా ఆక్సిజన్ 93 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఇంట్లో ఉంచకూడదు.

ఒక పక్క మాట. 2020లో లాక్‌డౌన్ వల్ల చాలామంది పిల్లలకు 5–6 ఏళ్ళ డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్ తప్పిపోయింది. మీవాడి కార్డు తీసి చూడండి. ఏడేళ్ళు దాటాక డీపీటీ వేయరు, టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) వేస్తారు.

---

కుందలహళ్ళి అమ్మ

కార్డు చూశాను, బూస్టర్ దగ్గర ఖాళీగానే ఉంది. సోమవారం అత్తయ్యగారితో పాటు వాణ్ణీ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తాను. బడికి 14వ తేదీ నుంచి పంపుతాను, వాడి పక్క ఈలోగా మా గదిలోకి మారుస్తున్నాను. టీచరుకి ఫోను చేసి అడిగాను, కారిడార్ వైపు కిటికీలు మేకులు కొట్టి మూసేశారట. అవి తీయించమని రేపు నలుగురం తల్లులం కలిసి ఉత్తరం రాస్తున్నాం.

---

కిటికీ దగ్గర బల్ల

ఉత్తరంలో తలుపు పైనున్న వెంటిలేటరు సంగతి కూడా రాయండి. వేడెక్కిన గాలి పైకే వెళ్తుంది, కిటికీ చలికి సగమే తెరిచినా అది తెరిచి ఉంటే గాలి ఆడుతుంది.