పాత ఎంజీ-బీ జీటీకి ఏసీ పెట్టించాలా వద్దా? ఇంట్లో రెండు పార్టీలు అయ్యాయి

సీతమ్మధార కుర్రాడు:
మా మేనమామ ఓడల్లో ఇంజినీరుగా చేసేవాడు. అప్పట్లో ఆయన విదేశం నుంచి తెచ్చుకున్న ఎంజీ-బీ జీటీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఈ సంక్రాంతికి నా చేతికి వచ్చింది. ఆర్‌సీలో 1969 అని ఉంది. 1,798 సీసీ ఇంజిన్, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, వెనక పైకి తెరుచుకునే పెద్ద అద్దం తలుపు. చోక్ లాగితే రెండో ప్రయత్నానికి స్టార్ట్ అవుతుంది.

గొడవంతా మన విశాఖ వేడితోనే. ఏప్రిల్‌లో పొద్దున్న తొమ్మిదికి ఇంట్లో బయల్దేరితే ఎన్‌ఏడీ జంక్షన్ దాటేసరికి చొక్కా పిండుకోవాలి. కాళ్ల దగ్గరైతే పొయ్యి ముందు కూర్చున్నట్టే. మా ఆవిడ ఒక్కసారి రుషికొండ దాకా వచ్చి, ఆటోలో ఇంటికి వెళ్లిపోయింది.

అందుకని ఏసీ పెట్టిద్దామనుకుంటున్నా. ఎలాగూ పని పెట్టుకుంటున్నాం కదా అని ఓవర్‌డ్రైవ్ (టాప్ గేర్ మీద ఇంకో గేర్ లాంటిది), వైర్ వీల్స్ (సైకిల్ చక్రంలా పుల్లలున్న చక్రాలు) కూడా మనసులో ఉన్నాయి. ఆ రెండూ కంపెనీ ఇచ్చిన ఆప్షన్లే. ఏసీని అమెరికాలో డీలర్లు బిగించి ఇచ్చేవారు. మావయ్యేమో "ఒక్క స్క్రూ మార్చినా ఊరుకోను" అంటున్నాడు. మెకానిక్ మాట: "ఏసీ లేకపోతే ఏడాదిలో మీరే అమ్మేస్తారు సార్." మీరేమంటారు?

పాతదే బంగారం:
అమ్మమ్మగారి కాసులపేరుకి బ్లూటూత్ పెట్టిస్తావా? వద్దు.

ఊరికే అనడం లేదు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి, బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజిన్‌లో గానీ మార్పులు జరిగి ఉండకూడదు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, వీఏ సిరీస్ నంబరు ఇస్తారు. నీ బండికి ఆ అర్హత ఉంది. చేతులారా పోగొట్టుకోకు.

గేర్‌లివర్ గాజువాక:
సగం చెప్పి ఆపేశావు గురూ. వీఏ నంబరు బండిని రోజువారీ పనులకి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, రిపేరు, ఇలాంటి వాటికే. కాబట్టి తమ్ముడు ముందు తేల్చుకోవాల్సింది ఏసీ సంగతి కాదు, నంబరు సంగతి. వీఏ తీసుకుంటే ఆఫీసుకి వెళ్లకూడదు. ఆఫీసుకి వెళ్లనప్పుడు డిసెంబరులో, తెల్లవారుజామున బీచ్ రోడ్డులో తిప్పే బండికి ఏసీ ఏటికి? పాత నంబరుతోనే నడపాలనుకుంటే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ హాయిగా తిప్పుకో, ఏసీ కూడా పెట్టుకో.

ఓవర్‌డ్రైవ్ మాత్రం నూటికి నూరుపాళ్లు పెట్టించమంటాను. శ్రీకాకుళం రోడ్డు మీద టాప్ గేర్‌లో వంద మీద వెళ్తే ఇంజిన్ నిమిషానికి 3,500 చుట్ల దగ్గర అరుస్తూ ఉంటుంది. ఓవర్‌డ్రైవ్ స్విచ్ వేస్తే 2,800 చిల్లరకి దిగుతుంది. చప్పుడు తగ్గుతుంది, పెట్రోలు తగ్గుతుంది. కాకపోతే పని చిన్నది కాదు, ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి బయటికి దించాలి.

సీతమ్మధార కుర్రాడు:
ఈ వీఏ సంగతి నాకు తెలీదు. నాకు నడపాలనే ఉంది, షెడ్డులో పెట్టి తుడుచుకోవాలని లేదు. వైర్ వీల్స్ మాటేంటి?

గేర్‌లివర్ గాజువాక:
మానెయ్. వాటికి హబ్‌లు వేరు, వెనక యాక్సిల్ పొడవు కూడా తక్కువ. యాక్సిల్ మార్చకుండా హబ్‌లు తగిలిస్తే చక్రం బయటికొచ్చి టైరు రాసుకుంటుంది. పైగా మన సముద్రపు గాలికి ఆ పుల్లలన్నీ తుడుస్తూ కూర్చోవడానికి ఒక మనిషిని పెట్టుకోవాలి.

సముద్రపుగాలి:
ఓడల్లో ఫ్రిజ్, ఏసీ పనులు పన్నెండేళ్లు చేశాను, కాబట్టి ఏసీ గురించే మాట్లాడతాను.

విశాఖలో ఎండ కన్నా తేమ ఎక్కువ బాధ. ఏసీ కాయిల్ చేసే పనిలో పెద్ద వాటా గాలిలోని నీళ్లు పిండటానికే పోతుంది. అందుకే పొడి ఊళ్లో సరిపోయే చిన్న యూనిట్ ఇక్కడ ఆయాసపడుతుంది. ఆ పిండిన నీళ్లు పోయే గొట్టం సరిగ్గా కిందికి పెట్టకపోతే కార్పెట్ తడిసి, దాని కింద రేకు తుప్పు పడుతుంది. ఎంజీ-బీకి వేరే ఛాసిస్ ఫ్రేమ్ ఉండదు, బాడీయే ఫ్రేమ్. తలుపుల కింద ఉండే సిల్స్ పోతే బండి నడుము విరిగినట్టే. ఏసీ కన్నా ముందు వాటిని చూడండి తమ్ముడూ.

రెండోది, రేడియేటర్. ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ దాని ముందు కూర్చుంటుంది. ఇంజిన్‌కి వెళ్లాల్సిన గాలి అప్పటికే వేడెక్కి వెళ్తుంది. మద్దిలపాలెం సిగ్నల్లో రెండు నిమిషాలు ఆగితే ఇంజిన్‌కి కట్టిన ఫ్యాన్ నెమ్మదిగానే తిరుగుతుంది, అందుకని కరెంటు ఫ్యాన్ తప్పదు. గ్యాస్ ఇప్పుడు ఆర్-134ఏ. పాత ఆర్-12 కాలపు కండెన్సర్, గొట్టాలు ఎవరైనా చవకగా ఇస్తామంటే తీసుకోకండి. 134కి ఎండలో ప్రెషర్ ఎక్కువ, కొత్త రకం ప్యారలల్ ఫ్లో కండెన్సర్, బ్యారియర్ హోస్ ఉండాలి. ఆయిల్ కూడా వేరు.

ఇదంతా చేయగలిగిందే. చేయకూడదని అనను. కానీ ముందు ఒకటి చెప్పండి: మీ బండిలో కరెంటు తయారుచేసేది పాతకాలపు డైనమోనా, ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటరా?

పద్మిని బాధితుడు:
నా అనుభవం వినండి. 1990ల్లో మా నాన్నగారి పద్మినికి ఊళ్లోనే ఒక షాపులో ఏసీ పెట్టించాం. డాష్‌బోర్డు కింద డబ్బా, బానెట్ కింద కంప్రెసర్. ఫైర్‌వాల్‌కి, అంటే ఇంజిన్‌కీ మన కాళ్లకీ మధ్య ఉండే రేకు గోడకి, మూడు కన్నాలు హోల్‌సా తీసి కొట్టేశారు, అంచులకి రబ్బరు కూడా వేయలేదు. మొదటి వానకి నీళ్లు కాళ్ల మీదే. తర్వాత ఏసీ పోయింది, తుప్పు మాత్రం ఉండిపోయింది. బిగించేవాడు చెయ్యి నరుక్కోమన్నా నరుక్కుంటాడు గానీ బాడీ మీద డ్రిల్లు పెట్టనంటే చాలు, అలాంటివాడి దగ్గరికే వెళ్లండి.

పాతదే బంగారం:
అదే నేను చెప్పేది. బాడీయే ఫ్రేమ్ అయిన బండికి ఫైర్‌వాల్ కోస్తే అది బాడీ షెల్‌లో మార్పు కాదా? రేపు నువ్వు మనసు మార్చుకుని వీఏకి వెళ్తే ఆ కన్నం చూసే అడుగుతారు.

భీమిలి రోడ్డు:
ఈ బండికి మొదట్లో హీటర్ కూడా డబ్బు కట్టి తీసుకునే ఆప్షనేనట. మన ఊళ్లో దానికి డబ్బు కట్టినవాడికి దండం.

సీతమ్మధార కుర్రాడు:
సముద్రపుగాలి మేడమ్ అడిగారని పొద్దున్న బానెట్ ఎత్తి చూశా. పొడుగ్గా స్థూపంలా ఉంది, లూకాస్ అని రాసుంది. ఫొటో మెకానిక్‌కి పంపితే డైనమో అన్నాడు. వెనక సీటు కింద రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు ఉన్నాయి.

గేర్‌లివర్ గాజువాక:
1969 బండికి డైనమో ఏటి? 1967 చివర్లో ఈ బండి రెండో రూపం, మార్క్ 2 వచ్చినప్పుడే ఆల్టర్నేటర్ వచ్చేసింది కదా. బండి ఇంకా కదులుతుండగా ఫస్ట్ గేర్ వేసి చూడు. గరగరమంటుందా?

సీతమ్మధార కుర్రాడు:
గరగరే. పూర్తిగా ఆపితే తప్ప పడదు. నా క్లచ్ తప్పేమో అనుకుంటున్నా ఇన్నాళ్లూ.

గేర్‌లివర్ గాజువాక:
నీ తప్పు కాదు. అది పాత గేర్‌బాక్స్, ఫస్ట్‌కి సింక్రో (కదులుతుండగా గేర్ సాఫీగా పడనిచ్చే ఏర్పాటు) ఉండదు. ఆర్‌సీలోది ఇక్కడ రిజిస్టర్ చేసిన ఏడాది. జీటీ మొదలైందే 1965 చివర్లో, కాబట్టి నీది 1965-67 మధ్య బండి. మావయ్యగారు కొన్నాళ్లు వాడినదాన్ని కొని ఉంటారు. ఓవర్‌డ్రైవ్ కావాలంటే కూడా ఆ కాలపు డీ-టైప్ ఓవర్‌డ్రైవ్‌తో ఉన్న గేర్‌బాక్సే వెతుక్కో. తర్వాత వచ్చిన ఎల్‌హెచ్ రకం దీని మీద కూర్చోదు.

సముద్రపుగాలి:
నేను భయపడింది ఇదే. ఆ డైనమో ఇచ్చేది మహా అయితే 22 ఆంపియర్లు, అదీ ఇంజిన్ పరుగులో ఉన్నప్పుడు. సిగ్నల్లో ఆగితే దాదాపు ఏమీ రాదు. ఏసీ బ్లోయర్, కండెన్సర్ ఫ్యాన్, కంప్రెసర్ క్లచ్ కలిపితేనే ఇరవై దాటిపోతుంది. ఇక హెడ్‌లైట్లు, వైపర్లు ఎక్కడి నుంచి వెలగాలి, తిరగాలి? అందుకని ఆల్టర్నేటర్ పెట్టాలి. అది పెట్టాలంటే ఎర్త్ మార్చాలి, ఎందుకంటే ఆ కాలపు ఎంజీ-బీలకి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొసని బాడీకి కలిపి ఉంటుంది. అప్పుడు ఇంజిన్ చుట్లు చూపే టాకోమీటర్ లోపల కూడా మార్పు చేయాలి, లేదంటే అది చచ్చినట్టే. ఏసీ కంప్రెసర్‌ని తిప్పడానికి ఇంజిన్ ముందున్న క్రాంక్ పుల్లీకి ఇంకో బెల్టు గాడి కావాలి. ఏసీ అని మొదలుపెట్టి సగం బండి విప్పుతున్నాం, గమనించారా?

పాతదే బంగారం:
మేడమ్, మీరు నా పార్టీలోకి వచ్చేశారు.

సముద్రపుగాలి:
రాలేదండీ. ఆల్టర్నేటర్ పెట్టి డైనమోని నూనె రాసి గుడ్డలో చుట్టి దాచుకుంటే మళ్లీ ఎప్పుడైనా బిగించుకోవచ్చు. ఎర్త్ కూడా వెనక్కి మార్చుకోవచ్చు. ఫైర్‌వాల్ కోసింది మాత్రం వెనక్కి రాదు. నా గీత అక్కడ. ఉన్న కన్నాల్లోంచే గొట్టాలు లాగగలిగితే పెట్టించుకోమంటాను, కన్నం కొట్టక తప్పదంటే వద్దంటాను. ఒరిజినల్ అని దండం పెట్టి బండిని షెడ్డులో కూర్చోబెడితే ఉప్పుగాలికి అది అక్కడే పోతుంది, అది కూడా చూశాను నేను.

ఒక చిన్న మాట. కాళ్ల దగ్గర పొయ్యి అన్నారు. సిలిండర్ హెడ్ దగ్గర హీటర్‌కి వేడినీళ్లు వదిలే ట్యాప్ ఉంటుంది, ఒకసారి చూడండి. గేర్‌బాక్స్ టన్నెల్ మీద కార్పెట్ కింద పాత ఫెల్ట్ ఏమైనా మిగిలిందో కూడా చూడండి.

సీతమ్మధార కుర్రాడు:
నాలుగు రోజులు కనబడనందుకు ఏమీ అనుకోకండి. ముందు సిల్స్. కుడివైపు గట్టిగా ఉంది, ఎడమవైపు వెనక చివర స్క్రూడ్రైవర్ దిగిపోయింది. అనుకున్న డబ్బులో సగం అక్కడికే.

ఇక ట్యాప్. సగం తెరిచి బిగుసుకుపోయి ఉంది. అంటే మావయ్య విశాఖపట్నంలో ఇన్నేళ్లూ హీటర్ వేసుకుని తిరిగాడు. చెప్తే నమ్మలేదు. బానెట్ ఎత్తి చూపిస్తే కాసేపు మాట్లాడకుండా నిలబడి, "ఇంజిన్ దగ్గరగా ఉంటుంది కదా, అందుకే అనుకున్నాన్రా" అన్నాడు. కొత్త ట్యాప్ వేసి, టన్నెల్ మీద ఇన్సులేషన్ పరిచి, వెనక పక్క అద్దాలు బయటికి తెరిచి నిన్న సాయంత్రం భీమిలి వెళ్లొచ్చాం. మా ఆవిడ ఆటో ఎక్కలేదు.

ఏసీ ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

పాతదే బంగారం:
చెప్పానా!

సముద్రపుగాలి:
సాయంత్రం భీమిలి వెళ్తే ఎవరికైనా చల్లగానే ఉంటుంది. మేలో మధ్యాహ్నం పన్నెండింటికి గాజువాక వెళ్లొచ్చి రాయండి.

సీతమ్మధార కుర్రాడు:
రాస్తాను మేడమ్. డైనమో మాత్రం ఇంకా బండికే ఉంది.