ఒక బైట్ అంటే ఒక అక్షరమేనా?

ప్రశ్న:
బడిలో కంప్యూటర్ పాఠం చెబుతున్నాను. ‘8 బిట్లు కలిస్తే ఒక బైట్, ఒక బైట్ అంటే ఒక అక్షరం’ అని బోర్డు మీద రాశాను. ఒక పాప లేచి, ‘స్త్రీ అన్నా ఒక అక్షరమే కదా టీచర్, అదీ ఒక బైటేనా?’ అంది. ఏం చెప్పాలి? బైట్‌కి తెలుగు మాట ఏదైనా ఉందా?

జవాబు:
నమస్కారం టీచర్ గారూ. పాప చాలా మంచి ప్రశ్న వేసింది. ‘స్త్రీ’ ఒక బైట్ కాదు, 18 బైట్లు.

8 బిట్లు (బిట్ అంటే 0 గానీ 1 గానీ) ఒక బైట్ అన్న మొదటి సగం సరైనదే. రెండో సగం ఇంగ్లీషుకి మాత్రమే సరిపోతుంది. ఈ రోజు ఫోన్లలో, వెబ్‌లో తెలుగు నిల్వ ఉండేది యూనికోడ్‌లో. అందులో ప్రతి గుర్తుకీ ఒక సంఖ్య ఉంటుంది. తెలుగు గుర్తులకు 3072 నుంచి 3199 వరకు స్థానాలు కేటాయించారు. ఆ సంఖ్యలను బైట్లుగా రాసే పద్ధతుల్లో ఎక్కువగా వాడేది యూటీఎఫ్-8. దాంట్లో 127 వరకు ఉన్న సంఖ్యలు ఒక బైట్‌లో, 2047 వరకు ఉన్నవి రెండు బైట్లలో పడతాయి. మన గుర్తులన్నీ అది దాటినవే కాబట్టి ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి.

అయితే ఇక్కడ గుర్తు అంటే మనం బడిలో నేర్చుకున్న అక్షరం కాదు. ‘స్త్రీ’ని కంప్యూటరు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరుగా దాచుకుంటుంది. ఆరు మూళ్లు పద్దెనిమిది. త ఒత్తు, క్రావడి ఆకారాలు నిల్వలో ఎక్కడా ఉండవు. వాటిని తెర మీద గీసే పని ఫాంటుది. (డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్ల పద్ధతి వేరు. అక్కడ ఒత్తులు, గుణింతపు ముక్కలే ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. అందుకే ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి.)

ఇది పిల్లల పాఠంతో ఆగే విషయం కాదు. ఒక దరఖాస్తు ఫారంలో పేరుకి 30 బైట్ల చోటు ఇచ్చారనుకోండి. ఇంగ్లీషులో 30 అక్షరాలు పడతాయి, ఎవరికీ ఇబ్బంది రాదు. ‘వేంకటేశ్వర్లు’ మన లెక్కలో ఐదు అక్షరాలే అయినా, యూనికోడ్ లెక్కలో 13 గుర్తులు, 39 బైట్లు. మిగిలింది కోసేస్తే ‘వేంకటేశ్వర’ అని నిలుస్తుంది. మనిషి పేరే మారిపోయింది! ఒక బైట్ ఒక అక్షరం అని నేర్చుకున్నవాళ్లే రేపు ఇలాంటి ఫారాలు తయారుచేస్తారు. కాబట్టి ‘ఒక ఇంగ్లీషు అక్షరానికి ఒక బైట్, ఒక తెలుగు గుర్తుకి మూడు బైట్లు’ అని బోర్డు మీద మార్చండి. ఎస్సెమ్మెస్ లెక్క కూడా చెప్పవచ్చు. ఒక సందేశానికి 140 బైట్లు. మామూలు ఇంగ్లీషులో 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 గుర్తులే పడతాయి. అక్కడ ఇంగ్లీషు అక్షరానికి ఏడు బిట్లు, తెలుగు గుర్తుకి రెండు బైట్ల పద్ధతి నడుస్తుంది.

ఇక మాట సంగతి. తెలుగులోనూ బైట్ అనే అంటున్నాం. బైట్ అన్న పేరు 1956లో ఐబీఎంలో వెర్నర్ బుకోల్జ్ పెట్టారు. మొదట్లో బైట్‌కి ఇన్ని బిట్లు అని నియమం లేదు. 1964లో ఐబీఎం తెచ్చిన సిస్టమ్/360 కంప్యూటర్ల తర్వాత ఎనిమిది స్థిరపడింది.

మరొకరు:
ఫ్రెంచివాళ్లు బైట్‌ని ‘ఆక్టే’ అంటారు, అంటే ఎనిమిదింటి గుంపు. మనకి ‘అష్టకం’ ఉండనే ఉంది కదా, అది ఎందుకు వాడకూడదు?

జవాబు:
వినడానికి బాగుందండీ. కానీ అష్టకం అనగానే తెలుగువాడికి ఎనిమిది శ్లోకాల స్తోత్రం గుర్తొస్తుంది. బైట్ ఇప్పటికే అందరి నోటా ఉన్న మాట, దాన్ని అలాగే ఉంచుదాం. నా పట్టింపు వేరే చోట ఉంది. ఇంగ్లీషులో చిన్న ‘బి’ రాస్తే బిట్, పెద్ద ‘బి’ రాస్తే బైట్. మన లిపిలో చిన్నా పెద్దా తేడా లేదు. ‘ఎంబీ’ అని రాస్తే మెగాబిట్టో మెగాబైటో తెలిసే దారే లేదు, వాటి మధ్య ఎనిమిది రెట్ల తేడా ఉంది. ఇంటికి 100 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ తీసుకున్నవారు 100 మెగాబైట్ల సినిమా ముక్క సెకనులో దిగాలనుకుంటారు. అది 100 మెగాబిట్లు, అంటే సెకనుకి 12.5 మెగాబైట్లే. తెలుగులో రాసేటప్పుడు మెగాబిట్, మెగాబైట్ అని పూర్తిగా రాసి తీరాలి.

మరొకరు:
నా దగ్గర కొత్త టైప్-సి కేబుల్ ఉంది. అయినా ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి వీడియోలు ఎక్కించడం చాలా నెమ్మది. ఇదీ బిట్ల తేడాయేనా?

జవాబు:
కొంతవరకు అదే. టైప్-సి అన్నది మూతి ఆకారానికి పేరు, వేగానికి కాదు. ఫోన్‌తో పాటు వచ్చే కేబుళ్లలో చాలావాటికి లోపల ఉన్న తీగలు యూఎస్‌బీ 2.0 అనే పాత ప్రమాణానివే. దాని గరిష్ఠ వేగం సెకనుకి 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. వాడుకలో అంత కూడా రాదు. యూఎస్‌బీ 3.0 అయితే 5 గిగాబిట్లు. అయితే ఫోను, కేబులు, ల్యాప్‌టాప్ రంధ్రం మూడూ 3.0 లేదా ఆపైవి అయితేనే ఆ వేగం వస్తుంది. ముందు ఫోన్ వివరాల్లో యూఎస్‌బీ ఎన్నో నంబరో చూడండి. అక్కడే 2.0 అని ఉంటే కేబుల్ మార్చి లాభం లేదు.