కడప నుంచి గండికోటకు సైకిల్ మీద ఒక్క రోజులో పోయొచ్చిన వాళ్ళున్నారా?

బుగ్గవంక_41:
నమస్తే అందరికీ. మాది కడపే, ఎర్రముక్కపల్లి. నాలుగు నెలల కిందట మా బావమరిది బెంగళూరులో వాడకుండా మూలన పడేసిన రోడ్ బైక్ తెచ్చుకున్నా. రోజూ పొద్దున పాతిక కిలోమీటర్లు తొక్కుతున్నా, రెండుసార్లు యాభై కూడా దాటించా. డిసెంబర్లో 200 కిలోమీటర్ల బ్రెవెకి, అదే గడువు పెట్టి తొక్కించే దూరపు సైకిల్ రైడుకు, పేరిద్దామని ఉంది, పదమూడున్నర గంటల్లో ముగించాలట కదా. అందుకని వచ్చే ఆదివారం తెల్లవారుజామున బయల్దేరి గండికోట చూసి సాయంత్రానికి ఇల్లు చేరదామని అనుకుంటున్నా. పోను ఎనభై, రాను ఎనభై. ఎర్రగుంట్ల మీదుగా పోవాలా, మైదుకూరు, ప్రొద్దుటూరు తిరిగి పోవాలా? లారీల సంగతేంటి? మా ఆవిడకు ఇప్పటికే టెన్షన్. గండికోట వద్దంటారా, సరే, కొండలూ ఏరూ రెండూ కనపడే దారి ఇంకేదైనా దగ్గర్లో చెప్పండి. టౌన్ చుట్టూ తిరిగి తిరిగి విసుగొచ్చింది.

పాపఘ్ని:
అన్నా, నేను గండికోటకు మూడుసార్లు పోయినా, ఒక్కసారి కూడా అదే రోజు తొక్కుకుంటూ వెనక్కి రాలేదు. ముందు గాలి సంగతి చెప్తా, ఎందుకంటే దీన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. మనకు గండికోట వాయవ్యంగా ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఎట్లా కొడుతుందో మీకు తెలియంది కాదు, మిద్దె మీద ఆరేసిన బట్టలు పక్కింట్లో పడతాయి. పోయేటప్పుడు అదంతా ఎదురే. ఇరవై ఐదు స్పీడుతో పోయే మనిషి పదహారు పదిహేడుకు దిగిపోతాడు, పైగా మలుపు తిరిగితే తగ్గుతుందిలే అనుకోవడానికి అక్కడ మలుపులు కూడా ఉండవు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది నిజమే, కానీ అప్పటికి మధ్యాహ్నం అయి ఉంటుంది, రోడ్డు పెనం లెక్క కాలుతుంటుంది.

దారి విషయానికొస్తే, మైదుకూరు వైపు దూరం ఎక్కువ. ఎర్రగుంట్ల వైపు దూరం తక్కువే గానీ సిమెంటు ఫ్యాక్టరీలు, థర్మల్ ప్లాంటు, నాపరాయి గనులు అన్నీ ఆ చుట్టుపక్కలే. లారీల కంటే నాకు భయం ఆ నాపరాళ్ళ ట్రాక్టర్లంటే. బండలు ఒకదానికొకటి రాసుకుని అంచులు విరిగి రోడ్డు పక్కన పడుంటాయి, సన్నగా, నల్లగా, బ్లేడు మాదిరి. తారు రంగులోనే ఉంటాయి కాబట్టి కనపడవు. రెండోసారి పోయినప్పుడు అట్లాంటి ముక్క ఒకటి నా వెనక టైరు పక్కన అంగుళం మేర కోసేసింది. కొత్త ట్యూబు వేస్తే ఆ కంతలోంచి బుడగలాగా బయటికి ఉబుకుతోంది. చివరికి పది రూపాయల నోటు నాలుగు మడతలు పెట్టి, టైరుకూ ట్యూబుకూ మధ్యలో పెట్టి, గాలి కొంచెం తక్కువ కొట్టుకుని జమ్మలమడుగు దాకా ఈడ్చుకుంటూ పోయినా. ఆ నోటు ఇప్పటికీ దాచిపెట్టుకున్నా.

జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు, దారి మొత్తంలో బాగుండేది అదే. నల్లరేగడి చేలు అయిపోయి ఎర్రమల కొండలు మొదలవుతాయి, ఎక్కుడు మరీ నిలువుగా ఉండదు, చిన్న గేరులో పడితే కూర్చునే ఎక్కొచ్చు. కోటలోకి పోయినాక మాత్రం పెడలుకు పట్టుకునే క్లీట్ బూట్లు విప్పి చెప్పులేసుకోండి. లోయ అంచున ఆ బండలు నున్నగా ఉంటాయి, కింద పెన్న. ఫోటో కోసం ఆ బూట్లతో ముందుకు పోయి నేను ఒకసారి జర్రున జారినా, ఇంట్లో ఇంతవరకు చెప్పలేదు.

నా మాట వింటే నవంబరు దాకా ఆగండి. శనివారం పోయి రాత్రికి అక్కడే ఉండి, ఆదివారం సూర్యోదయం చూసుకుని రండి. ఫిబ్రవరి అయితే ఇంకో తంటా ఉంది, మైలవరం, జమ్మలమడుగు పక్క శనగ చెట్లు పీకి నూర్పిడి కోసం రోడ్డు మీదే పరుస్తారు. కారుకు ఏం కాదు, మన చైన్లో ఆ తీగలు చుట్టుకుంటే గంట పని.

గువ్వల_రాజు:
ఇంత ఆలోచన ఎందుకు బ్రో, రాయచోటి రోడ్డులో గువ్వలచెరువు ఘాట్ ఎక్కు. ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు. పైన పాలకోవా తిను, దిగిరా. తొమ్మిదికల్లా ఇంట్లో ఉంటావు. నేను నెలకు రెండుసార్లు ఎక్కుతా.

స్టీరింగ్:
రాజు గారూ, కోవా బాగుంటుంది, కాదనను. కానీ నాలుగు నెలల అనుభవం ఉన్న మనిషిని ఆ ఘాట్‌కు పంపకండి. మా నాయన ఇరవై ఏళ్ళు లారీ తోలినాడు, క్లీనరుగా నేనూ నాలుగేళ్ళు ఆ రూట్లో తిరిగినా. అది కర్నూలు, చిత్తూరు నేషనల్ హైవే, రాత్రీ పగలూ బండ్లు ఆగవు. ఎక్కేటప్పుడు సమస్య తక్కువ, లోడు బండి కూడా మీతో సమానంగా పాకుతూ ఉంటుంది. కష్టమంతా కడప వైపు దిగేటప్పుడే. తెలిసిన డ్రైవరు పైనే సెకండ్ గేరులో వేసి ఇంజను పట్టు మీద దింపుతాడు. తెలియనోడు, నిద్రమత్తులో ఉన్నోడు బ్రేకు తొక్కుతూనే దిగుతాడు, సగానికి వచ్చేసరికి డ్రమ్ములు కాలి వాసనొస్తాయి, ఆ తర్వాత పెడలు నేలకు తాకినా బండి నిలబడదు. అప్పుడు వాడి ముందు సైకిలుందా బస్సుందా అని చూసుకునే అవకాశం వాడికి ఉండదు. ఇంకొకటి, మలుపులో పొడుగు బండి ముందు భాగం బయటికి పోతుంది గానీ వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి. మలుపు లోపలి అంచున మీరుంటే అద్దంలో కనపడరు.

అంతగా పోవాలంటే ఎక్కండి, కోవా తినండి, సైకిలు ఏదైనా ఖాళీ బొలెరోలో వేసుకుని దిగండి. అందులో నామోషీ ఏం లేదు.

గువ్వల_రాజు:
నాకింతవరకు ఏం కాలేదు అన్నా. అయినా మీరు చెప్పింది మలుపుల గురించి కరెక్టే, గమనించినా.

ఒంటిమిట్ట_కోడలు:
బుగ్గవంక అన్నా, మీరడిగిన కొండా ఏరూ రెండూ సిద్ధవటంలో ఉన్నాయి. మా అత్తగారిది ఆ పక్కే, నేనూ మా ఆయనా నెలకోసారి తొక్కుతాం. తిరుపతి రోడ్డులో భాకరాపేట దాకా పోయి ఎడమకు తిరగండి. హైవే ఉన్నది అంతవరకే, ఐదింటికి బయల్దేరితే అదీ ఇబ్బంది పెట్టదు, వెనక ఎర్ర లైటు మాత్రం తప్పనిసరి. తర్వాత పెన్న మీద బ్రిడ్జి వస్తుంది. ఈ నెలలో ఏట్లో నీళ్ళ కంటే ఇసుకే ఎక్కువ, అయినా తెల్లారే ముందు అక్కడ ఆగి చూడండి, ఒక పక్క లంకమల కొండలు, ఇంకో పక్క పాలకొండలు, కోట గోడ ఏటి ఒడ్డు నుంచే లేచినట్టుంటుంది. ఎన్నిసార్లు పోయినా మా ఆయన అక్కడ పది నిమిషాలు తినేస్తాడు.

అక్కడ్నుంచి బద్వేలు రోడ్డు లంకమల అడవి వైపు పోతుంది. కలివికోడి పేరు వినే ఉంటారు, 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిపోయిందని అనుకున్నాక 1986లో మళ్ళీ దొరికింది ఈ అడవి పక్కనే. అది రాత్రిపూట తిరిగే పిట్ట, మీకు కనపడదులెండి. ఆ రోడ్డులో ఒంటరిగా చీకట్లో పోవద్దు, ఎర్రచందనం ఉన్న అడవులు కదా, ఒకసారి చెక్‌పోస్టులో మమ్మల్ని ఆపి ఈ టైములో సైకిళ్ళ మీద ఎక్కడికని పావుగంట అడిగారు. సరదాకి తొక్కుతున్నామంటే ఎవరు నమ్ముతారు చెప్పండి!

కోట చూసుకుని మళ్ళీ భాకరాపేటకు వచ్చి ఒంటిమిట్ట పోండి. గుడి బయట టీ తాగి, చెరువు కట్ట దాకా పోయి వెనక్కి రండి. మొత్తం అరవై, డెబ్బై కిలోమీటర్ల మధ్య వస్తుంది, తొమ్మిదిన్నరకు ఇంట్లో ఉంటారు. ఒకే ఒక్క జాగ్రత్త, టీ కోసమో ఫోటో కోసమో ఆగినప్పుడు సైకిల్ని మట్టిలోకి తోసుకుపోవద్దు, ఎత్తుకుని పోండి. అంతా పల్లేరు కాయలే. పైకి లాగేస్తే గాలి అప్పటికప్పుడే పోతుంది, లాగకపోతే ఇంటికొచ్చాక పోతుంది.

మీ ట్యూబుకు సన్న వాల్వ్ ఉందా, మామూలుదా చూసుకున్నారా? రోడ్ బైకులకు ఎక్కువగా సన్నది వస్తుంది, ప్రెస్టా అంటారు. మన పంక్చర్ షాపుల్లో గొట్టం దానికి పట్టదు. పోయినేడు ఒక షాపులో అబ్బాయి, పాపం సాయం చేద్దామనే, బలంగా నొక్కేసరికి లోపలి పుల్ల వంగిపోయింది. ఉన్న గాలీ పోయింది. మా మరిది బైకేసుకుని వచ్చేదాకా వేపచెట్టు కింద కూర్చున్నా. ఇత్తడి అడాప్టర్ చిటికెన వేలి గోరంత ఉంటుంది, అది వాల్వ్‌కు బిగిస్తే ఏ షాపులోనైనా కొట్టించుకోవచ్చు.

బుగ్గవంక_41:
ఇప్పుడే పోయి చూసినా అక్కా, సన్నదే. దాని నెత్తిన చిన్న నట్టు ఉంటుందని, అది వదులు చేస్తేనే గాలి ఎక్కుతుందని కూడా నాకు ఇప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ మా బావమరిది కొట్టిన గాలి మీదే తిరుగుతున్నా అన్నమాట.

సరే, గండికోట నవంబరుకు. స్టీరింగ్ అన్న చెప్పింది చదివినాక ఘాట్ ఆశ కూడా పోయింది, కోవా బస్సులో పోయి తెచ్చుకుంటా. ఈ ఆదివారం సిద్ధవటమే. పాపఘ్ని అన్నా, బ్రెవెకి ఇది సరిపోతుందా మరి?

పాపఘ్ని:
ఒక్క ఆదివారంతో ఏం సరిపోతుంది. మూడు వారాలు సిద్ధవటం తొక్కండి, తర్వాత వేంపల్లె మీదుగా గండి. పాపఘ్ని ఏరు కొండను చీల్చుకుని వచ్చే చోటు, అంజన్న గుడి పక్కనే. ఆ రెండు కొండల నడుమ వాయుదేవుడు బంగారు తోరణం కట్టినాడని మా అవ్వ చెప్పేది, నాకు మాత్రం పోయిన ప్రతిసారీ ఎదురుగాలే కట్టినాడు. పోనూ రానూ కలిపి నూరు దాటుతుంది, అది హాయిగా ముగించినారంటే రెండు వందల మాట అప్పుడు మాట్లాడదాం. రెండు బాటిళ్ళు పెట్టుకోండి, ఒకదాంట్లో ఉప్పూ నిమ్మకాయా.

ఒంటిమిట్ట_కోడలు:
అడాప్టర్ మా దగ్గర రెండున్నాయి అన్నా. ఆదివారం మేమూ వస్తున్నాం, ఐదున్నరకు భాకరాపేటలో తిరిగే చోట ఉంటాం, ఒకటి తెస్తా. వదినకు కూడా చెప్పండి, ఒక్కరే పోవడం లేదని.